రెట్టింపు దారం

పధ్నాలుగేళ్లుగా ఆమె మనసులో ఒక అనుమానం ఉంది. దేవుడి ముందు కళ్లు మూసుకుని నిలబడినా అది పక్కనే వచ్చి నిలబడేది. చెడ్డవాణ్ణి పట్టుకెళ్లి లోపల వేస్తే ఊళ్లో రక్తం కారడం తగ్గాలి కదా, మరి తన చేతులకు అంటుకునే రక్తం ఎందుకు పెరుగుతోంది? భర్తను అడగడానికి నోరు రాలేదు. దేవుణ్ణి అడిగింది.

ఆమె పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో కట్లు కట్టే గదికి ఇన్‌చార్జి నర్సు. భర్త పోలీసుల మత్తుమందుల నిరోధక దళంలో ఇన్‌స్పెక్టరు. ఆ రోజు పొద్దున పేపర్లో ఆయన ఫొటో పడింది. బల్ల మీద పేర్చిన పొట్లాలు, వెనక ముఖానికి గుడ్డ కప్పిన లావుపాటి మనిషి, పక్కన ఈయన. మార్కెట్ వీధులన్నిటికీ ఇరవయ్యేళ్లుగా సరుకు అందించినవాడట.

"కాస్త నవ్వితే ఏం పోయేది? పెళ్లి ఫొటోలోనూ ఇదే ముఖం," అంది ఆమె టీ కప్పు ముందు పెడుతూ.

"అప్పుడు పట్టుబడ్డది నేను కదా," అన్నాడాయన పేపరు మీంచి తల ఎత్తకుండా.

నవ్వుతూనే బయల్దేరింది. ఆస్పత్రికి వెళ్లగానే మాత్రం స్టోరు నుంచి సామాను తెప్పించే ఇండెంటు కాగితం తీసి, కుట్లు వేసే దారం దగ్గర పన్నెండు పెట్టెలకు బదులు ఇరవై నాలుగు అని రాసింది. స్టోరు గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏం సిస్టర్, సారు ఫొటో పడిందా?"

అతనికది పాత హాస్యం. ఆమె కింద సంతకం చేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు భోజనాల బల్ల దగ్గర కాగితాలు పరుచుకుని కూర్చుంది. మత్తుమందుల చట్టం మార్చాలా వద్దా అని ప్రభుత్వం వేసిన కమిటీలో ఉన్న లాయరు దగ్గర ఆ అమ్మాయి పని చేస్తోంది.

"అమ్మా, ఈ రాత ఎవరిది?"

ఆమె వంగి చూసింది. తను రాసిన ఇండెంట్లే. "ఆస్పత్రి కాగితాలు నీకెక్కడివే?"

"కమిటీ అడిగితే సూపరింటెండెంటు పంపాడు. నా చేత పలక మీద అక్షరాలు దిద్దించిన రాత నాకు తెలీదా? ఎప్పుడూ పన్నెండు పెట్టెలు. ఉన్నట్టుండి ఇరవై నాలుగు. ఆ తేదీలు ఎక్కడో చూశాననుకున్నా. నాన్న పేపరు కత్తిరింపుల పుస్తకంలో."

గదిలోంచి ఆయన వచ్చాడు. "ఏంటమ్మడూ, నా పేరు వినపడుతోంది?"

"మీరు ఒక పెద్ద సరుకువాణ్ణి పట్టుకున్న ప్రతిసారీ అమ్మ రెట్టింపు దారం తెప్పించింది నాన్నా. రెండు వారాల్లో కత్తిపోట్లు వస్తాయని తనకి ముందే తెలుసు. ప్రతిసారీ వచ్చాయి."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నిజమా?"

"అయిపోతే ఇబ్బందని..."

"నేనడిగింది అది కాదు."

"మొదటిసారి నిజంగానే అయిపోయిందండీ. కత్తికి కోసుకుపోయిన చెయ్యొకటి గట్టిగా అదిమి పట్టుకుని పావుగంట నిలబడ్డాను, ఎవరో పరిగెత్తి తెచ్చేదాకా. అప్పట్నుంచి ముందే తెప్పిస్తున్నాను."

"పధ్నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం పెట్టావు. ఒక్క మాట అనలేదు."

"మీరు ఫొటో చూసుకుని మురిసిపోతుంటే ఎలా అనగలను?"

ఆయన ముఖం కందిపోయింది. కోపం కూతురి మీదకి మళ్లింది. "అయితే వాళ్లని వదిలెయ్యాలా? బడిగోడ పక్కన అమ్మేవాడికి దండ వెయ్యాలా? ఆ మందుకి పోయినవాళ్ల తల్లులు వచ్చి నా కాళ్ల మీద పడతారు. వాళ్లకేం చెప్పమంటావు?"

"వదిలెయ్యమని ఎవరన్నారు? అలవాటు పడ్డవాళ్లకి జైలు కాకుండా వైద్యం చేయిస్తే కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లని అలాగే ఉంచి అమ్మేవాణ్ణొక్కణ్ణి లేపేస్తే, ఆ ఖాళీ వీధి కోసం పదిమంది కత్తులు తీస్తారు."

"పుస్తకాల్లో ఎన్నైనా రాస్తారు."

"ఇది పుస్తకం కాదు నాన్నా. దారం."

ఆయన కుర్చీ వెనక్కి తోశాడు. "చట్టం ఇంకా గట్టిగా ఉండాలని చెప్పడానికి వచ్చే నెల అదే కమిటీ ముందుకి నన్ను పిలిచారు. నా పెళ్లాన్నే నా మీద సాక్షిగా నిలబెడతావన్నమాట. ఇక ఈ ఇంట్లో నేనెందుకు?"

"నేనెక్కడికీ రాను," అంది ఆమె గబుక్కున. "కాగితాలు తియ్యవే. అన్నాలు తినండి."

"నువ్వు రాకపోతే ఇవి ఉత్త కాగితాలే అమ్మా. ఎందుకు రెట్టింపు రాశావో నువ్వే చెప్పాలి."

ఎవరూ తినలేదు. ఆమె శుభ్రంగా ఉన్న కంచాలనే మళ్లీ కడిగింది.

పేపర్లో ఫొటో పడిన పన్నెండో రోజు మధ్యాహ్నం. ఆ వారంలో అప్పటికే నలుగురు వచ్చారు. అయిదో మనిషిని స్ట్రెచర్ మీద తెస్తే చెయ్యి కడిగి, ముఖం చూసి ఆగిపోయింది. భర్త జీపు డ్రైవరు. తమ వంటింట్లో కూర్చుని అన్నం తిన్న మనిషి, ఆమెను అక్కా అని పిలిచే మనిషి. మార్కెట్ మూల కోసం రెండు ముఠాలు కొట్టుకుంటుంటే విడదీయబోయాడు. కుడి మణికట్టు మీద కత్తి అడ్డంగా దిగింది.

"దారం ఉందా అక్కా?" అన్నాడు పళ్లు బిగబట్టి నవ్వుతూ. "నువ్వు ముందే తెప్పిస్తావట. సారు జీపులో చెప్పారు."

ఆమె దారం పెట్టె దగ్గరికి జరిపి డాక్టర్ని పిలిచింది. డాక్టరు చూసి పెదవి విరిచాడు. ప్రాణానికి భయం లేదు, వేళ్లు మాత్రం ఇక మడుచుకోవు, స్టీరింగు పట్టుకోలేడు.

కాసేపటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ గది గుమ్మంలో ఆయన నిలబడడం అదే మొదటిసారి. డ్రైవరు తల తిప్పాడు.

"నన్ను బండి పని నుంచి తప్పించి ఆఫీసు పనికి మార్చమని రెండేళ్ల క్రితం కాగితం ఇచ్చాను సార్. ఈ ఒక్క దాడి అయ్యాక సంతకం పెడతానన్నారు." ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. గుర్తుచేస్తున్నాడంతే.

ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. దారం పెట్టె మూత తీసి భర్త ముందుకు జరిపింది. "ఇంకా చాలామందికి సరిపోతుంది. చూసుకోండి."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

కమిటీ రోజు పొద్దున ఆమె దేవుడి ముందు నిలబడింది. ఈసారి ఏమీ అడగలేదు. ఒక నిమిషం నిలబడి, ఇస్త్రీ చీర సర్దుకుని బయల్దేరింది. కమిటీ గదిలో చేసిన పని చేసినట్టు చెప్పింది. భర్త పేరు ఎత్తలేదు, తేదీలే చెప్పింది. ఆ తేదీలు ఎవరివో గదిలో అందరికీ తెలుసు.

తర్వాత ఆయన వంతు. టైపు చేసిన ప్రసంగం జేబులోంచి తీశాడు. దాని మడత మాత్రం విప్పలేదు.

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు. "నేను పట్టుకున్నవాళ్లని లెక్కపెట్టాను. కుట్లు లెక్కపెట్టలేదు. అమ్మేవాణ్ణి వదలమని నేను ఈనాటికీ అనలేను. కానీ వాణ్ణి పట్టుకుంటే చాలని ఇక చెప్పలేను."

వెనక వరసలో కూతురు పమిట నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. బయటికొచ్చాక వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. "మీ అమ్మకి ఆటో పిలువమ్మడూ. నిలబడి నిలబడి కాళ్లు లాగుతుంటాయి," అన్నాడు. చట్టం మారుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ వారం కట్లు కట్టే గదికి మరో ముగ్గురు వచ్చారు.

మర్నాడు ఆయన వార్డుకి వెళ్లాడు. ఆమె డ్రైవరు మంచం దగ్గరే ఉంది. ఆయన నిలబడే, మంచం పక్క బల్ల మీద ఆ ఆఫీసు పని కాగితం పెట్టి సంతకం చేశాడు.

"రెండేళ్ల బాకీరా. తీసుకో."

"ముట్టినట్టు నేనూ సంతకం పెట్టాలిగా సార్," అన్నాడు డ్రైవరు, కట్టులో ఉన్న కుడిచేతిని చూసుకుంటూ.

ఆమె నర్సుల బల్ల మీంచి సిరా డబ్బా తెచ్చింది. ఇన్‌స్పెక్టరు మంచం అంచున కూర్చుని అతని ఎడమ బొటనవేలు పట్టుకున్నాడు. ఎన్ని వందలమంది ముద్దాయిల వేళ్లు అలా పట్టి అద్దించాడో ఆయనకే తెలియదు. ఈసారి వేలు నొక్కడానికి చాలాసేపు పట్టింది.

కాగితం మీద నల్లటి ముద్ర పడింది.

"ముట్టింది సార్," అన్నాడు డ్రైవరు.