మూడో గిన్నె

ఫోన్ ఎత్తగానే అవతలి గొంతు మదనపల్లె మార్కెట్లో టమాటా ధర అడిగింది. కాయ మెత్తబడింది, బేరం లేదన్నాడు చేతన్. కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది చీఫ్ గోపాలస్వామి.

బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. సరిహద్దు అవతల దర్జీ వేషంలో ఉన్న ఏజెంట్ మణికంఠ మారుపేరు, అడ్రస్ ఎవరో అమ్మేశారు. అవి ఓ పెళ్లి వీడియోలో దాక్కుని కుప్పం చేరబోతున్నాయి. చేరితే ఆ కుర్రాడి ప్రాణం పోయినట్టే.

"ఆ అడ్రస్ తెలిసినవాళ్లం ముగ్గురం. నేను, నువ్వు, కుసుమ."

"కుసుమను అనుమానించే ముందు నన్ను అనుమానించండి సార్," అన్నాడు చేతన్.

అతని కవర్ మదనపల్లెలో ఓ వీడియో షాపు. ఇళ్లలో టీవీకి ఆడని ఫైళ్లను ఆడేలా మార్చివ్వడం పైకి కనిపించే పని. కుసుమ అతని పార్ట్‌నర్. పట్టుచీర కడితే పెళ్లివారి చుట్టం, జీన్స్ వేస్తే ఫొటోగ్రాఫర్. ఏ వేషంలో ఉన్నా చూసినవాళ్లు చూపు తిప్పుకోలేరు. ఆమెకు ఈ విద్య నేర్పింది చేతనే. ఎంకేవీ ఫైలంటే టిఫిన్ క్యారియర్ అన్నాడు. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో శబ్దం, కావాలంటే మూడో గిన్నెలో సబ్‌టైటిల్స్. గిన్నెల్లోది కదపకుండా క్యారియర్ మార్చేస్తే టీవీకి ఆడే ఎంపీఫోర్.

ఆ మధ్యాహ్నమే పుంగనూరు బస్సు దిగి మునిలక్ష్మమ్మ అనే అవ్వ పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపుకొచ్చింది.

"మనవరాలి పెండ్లప్పా. కుప్పంలో కృష్ణప్ప ఇంటికాడ టీవీకి పెడితే ఆడలే. ఆయప్ప ఈడ పెట్టిపో అన్న్యాడు. పెండ్లి సూడకుండా పెట్టుకోని ఏం జేస్తాడు? పీక్కోనొస్తి."

కృష్ణప్ప గ్రానైట్ వ్యాపారినని చెప్పుకుంటూ మగపెళ్లివారికి ఈమధ్యే దగ్గరైనవాడు. వీడియో తీసిన అమ్మాయి పైసా తీసుకోలేదట. ఈ కాపీని మాత్రం స్వయంగా ఆయన చేతికే ఇవ్వమని అవ్వచేత ఒట్టేయించుకుందట.

చేతన్ ఫైల్ తెరిచాడు. బొమ్మ, శబ్దం, సబ్‌టైటిల్స్. పుంగనూరు పెళ్లికి సబ్‌టైటిల్స్ ఎవరికి? చూస్తే మణికంఠ అడ్రస్. ఆ ట్రాక్‌కు పెట్టిన పేరు 'మూడో గిన్నె'. ఆ మాట అతను ఒక్క మనిషికే చెప్పాడు.

అయినా మనసు ఒప్పుకోలేదు. అసలు అడ్రస్ తీసేసి దొంగ అడ్రస్ పెట్టి, ఫైల్‌ను ఎంపీఫోర్‌గా మార్చాడు. కుసుమకు ఫోన్ చేసి, పుంగనూరు అవ్వ పెళ్లి ఫైల్ తానే మార్చి పంపుతున్నానని మాటల మధ్యలో చెప్పాడు. తర్వాత కుప్పం పోలీసులను కృష్ణప్ప పెరటి వైపు కాపు పెట్టించి, మీసం అంటించుకుని, టీవీ మెకానిక్ వేషంలో అవ్వను జీపెక్కించుకున్నాడు. తప్పు ఆమెదే అయితే అడ్రస్ మారి ఉంటుందని హెచ్చరించడానికి కుప్పం వస్తుంది. కుసుమ రాకూడదని దారి పొడుగునా దేవుళ్లకు మొక్కుతూనే ఉన్నాడు.

కుప్పంలో కృష్ణప్ప టీవీ ఈసారి ఆడింది. అవ్వ నేలమీద చతికిలబడి చూస్తోంది. కృష్ణప్ప రిమోట్‌తో సబ్‌టైటిల్స్ పెట్టాడు, చదివాడు, ఫోన్ తీసి సరిహద్దు అవతలి నంబర్ కలిపాడు. ఆ ముఠాలో పంపేవాళ్లు, అందుకునేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, నంబరూ ఉంచుకోకూడదు. అది వాళ్ల మొదటి రూలు.

తలుపు తోసుకుని వచ్చి ఆ రూలు తప్పింది కుసుమ.

"అది దొంగ అడ్రస్. అసలుది..."

చేతన్ విసిరిన స్క్రూడ్రైవర్ తగిలి కృష్ణప్ప చేతిలోని ఫోన్ గోడకు కొట్టుకుని పగిలింది. చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కగానే పెరటి వైపునుంచి పోలీసులు వచ్చి ఇద్దరినీ పట్టుకున్నారు. చేతన్ మీసం పీకేశాడు. కుసుమ అతన్ని గుర్తుపట్టి తల దించుకుంది.

"నీ పేరు యాడా రాయలేదు చేతన్. మణికంఠది ఒక్కటే రాసినా."

"వాడు నిన్ను అక్కా అంటాడు గదా కుసుమా."

అతనికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి చీఫ్‌కు ఫోన్ చేశాడు. పంట చేతికొచ్చిందనీ, కుళ్లిన కాయ మాత్రం మన బుట్టలోదేననీ చెప్పాడు.

టీవీలో తలంబ్రాలు పోసుకుంటున్నారు. అవ్వ అప్పుడు తల తిప్పి, బేడీలతో గడప దాటుతున్న కుసుమను చూసింది.

"ఆ పాప యాల పోతాండాది? ఆయమ్మేనప్పా మాకు ఉత్తపున్నేనికి వీడియో తీసింది. బో మంచి పిల్ల."

చేతన్ ఆమె పక్కన కూలబడ్డాడు.

"నేనూ అట్లే అనుకుంటినవ్వా."