వదిలేయాల్సిన ప్రశ్న

"ఇరవై మూడో ప్రశ్న తప్పండీ."

ఆమె పేపరు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. మంచి సంబంధాలు కొన్ని ఇలా ఫిర్యాదుతోనే మొదలవుతాయి.

అతను ఆ కోచింగ్ సెంటర్లో వారం వారం మాక్ టెస్టులు తయారుచేస్తాడు. అందరూ పేపర్ సార్ అంటారు. ఆమె రాసింది చెరిపి మళ్ళీ రాస్తేగాని నిద్రపోని మనిషి. వెనకబెంచీవాళ్ళు రబ్బరు మేడం అని పేరుపెట్టారు.

ఫిర్యాదు నిజమే. టైపింగులో అంకె తారుమారై, నాలుగు ఆప్షన్లలో ఒక్కటీ జవాబు కాకుండా పోయింది. అతను సారీ చెప్పి, ఎంతసేపట్లో కనిపెట్టారని మెచ్చుకోలుగా అడిగాడు.

"పరీక్షంతా దానికే సరిపోయింది."

అతను పేజీ తిప్పాడు. అక్కణ్ణుంచి ఆమె జవాబు పత్రం కడిగిన పళ్ళెంలా ఉంది.

"మిగతావాళ్ళంతా వదిలేసి వెళ్ళిపోయారు కదండీ."

"తేలకుండా ఎలా వదిలేస్తాం?"

సాయంత్రం వాన పడితే గొడుగు తెచ్చిన వాళ్ళమ్మ అతనికి అసలు సంగతి చెప్పింది. కూతురి పుస్తకాల్లో మొదటి పాఠాలు నలిగి నల్లబడ్డాయట, చివరి పేజీలు ఇంకా విడనే లేదట. మొదటిది పూర్తిగా వస్తేగాని రెండోది ముట్టుకోదు. వయసు నిబంధన ప్రకారం ఆ ఉద్యోగ పరీక్షకు ఇదే ఆఖరి అవకాశం.

"దుప్పటి మడతపెట్టమంటే అంచులు కలిసేలోపు తెల్లారుతుంది బాబూ. బుర్రకేం లోటు లేదు. నువ్వైనా కాస్త చెప్పు."

చెప్తే వినే రకం కాదని అతనికి అప్పటికే అర్థమైంది. పై వారం పేపరు ఇస్తూ ఆమెకు మాత్రమే చిన్నగా చెప్పాడు. "ఇందులో ఒకదానికి జవాబు లేదు. కావాలనే పెట్టాను. ఏదైనా తేలకపోతే అదే అనుకుని ముందుకెళ్ళిపోండి."

దాని మార్కులు క్లాసందరికీ కలిపేశాడు. తప్పు చేసినందుకు ఒక మాస్టారిని అంతమంది అభిమానించడం ఆ సెంటర్లో అదే మొదలు.

ఆమె ఒకటి వదిలింది. పంటి నొప్పి ఓర్చుకున్నట్టు వదిలింది. చివరి ప్రశ్న దాకా వెళ్ళింది.

"మీరు వదిలింది తప్పు ప్రశ్న కాదు, మీకు రానిది," అన్నాడు అతను దిద్దుతూ.

ఆమె ముఖం ముడుచుకుంది. కాసేపటికి ఎందుకో నవ్వొచ్చింది. ఆ రోజూ వాన పట్టుకుంది. ఆగాక వెళ్దామని ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. వాన ఎప్పుడో ఆగింది. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు.

వారానికొక దొంగ ప్రశ్న చొప్పున అసలు పరీక్ష వచ్చేసింది. హాల్లో ఒక లెక్క ఎంతకీ లొంగలేదు. ఆమె చెయ్యి రబ్బరు వైపు వెళ్ళింది. 'ఇది ఆయన పెట్టిందే అయ్యుంటుంది' అనుకుని, నవ్వుకుని, దాటేసింది. ఇన్విజిలేటర్ అనుమానంగా చూశాడు.

సెలెక్షన్ లిస్టులో ఆమె పేరు బాగా అడుగున ఉంది. అడుగునున్నా ఉంది. తల్లిని వెంటబెట్టుకుని సెంటరుకు వచ్చింది.

"మీరు నాకు పాఠమేం చెప్పలేదు. నా కోసం వారం వారం ఒక తప్పు చేశారు. థ్యాంక్స్ అంటే సరిపోదు. సరిపోయే మాట దొరికేదాకా ఆగితే ముసలిదాన్నైపోతాను. అందుకని, థ్యాంక్స్."

అతను ఎన్నాళ్ళుగానో అద్దం ముందు వల్లెవేసుకున్న నాలుగు వాక్యాలూ సరిగ్గా అప్పుడే ఎగిరిపోయాయి.

"నాదీ ఒక ప్రశ్న ఉంది. టైపింగు తప్పులుంటే క్షమించాలి. మనం పెళ్ళి చేసుకుందామా? లేక ఇదీ వదిలేయాల్సిందేనా?"

వాళ్ళమ్మకు ఉన్నట్టుండి నోటీసు బోర్డు మీద విపరీతమైన ఆసక్తి పుట్టుకొచ్చింది.

"దీనికి ఆప్షన్లు లేవా?" అందామె.

"లేవు."

"బతికించారు. ఉంటే చెరుపుకుంటూ కూర్చునేదాన్ని. సరే, చేసుకుందాం."

వాళ్ళమ్మ నోటీసు బోర్డు వైపు నుంచి తల తిప్పకుండానే అంది.

"ఇంక చెరపకు తల్లీ."