వంటాయన పేరు కూడా రాయండి

ఇన్సూరెన్సులో పేరు రాయించుకున్న మనిషి ఎక్కువ రోజులు బతకడు. పుష్పలతకు అన్నింటికన్నా పెద్ద భయం అదే. ఆమె తండ్రి పాలసీ కట్టిన ఏడాదే పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆమె అట్టలు వేసుకున్న తొమ్మిదో తరగతి పుస్తకాలు అలాగే మూలపడ్డాయి. ఆ రెంటికీ సంబంధం లేదమ్మా అని ఫాదర్‌గారు చెప్పారు. పెళ్ళయ్యాక భర్త జోజిబాబూ చెప్పాడు. ఆమె తల ఊపింది కానీ భయం మాత్రం వదల్లేదు.

అందుకే ఆ ఉదయం ఇన్సూరెన్సు ఏజెంటు బాలశౌరి వాకిట్లో మోటారు సైకిలు ఆపగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. వాకిట్లో కొత్త రంగు వేసిన మినీ బస్సు నిలబడి ఉంది. జోజిబాబు దాన్ని పాతది కొని, బెజవాడలో ఇల్లులా మార్పించుకొచ్చాడు. లోపల పడకలు, చిన్న బాత్రూము, వెనకవైపు వంటకు చోటు. ఎక్కువసేపు కూర్చోలేని పెద్దవాళ్ళను పడుకోబెట్టి వేళాంకణి మాత దగ్గరకు తీసుకెళ్ళాలని అతని ఆలోచన. తిరువూరులో అందరూ దాన్ని ఇంటి బండి అంటున్నారు. మర్నాడు తెల్లవారుజామునే మొదటి ప్రయాణం.

కుళాయి దగ్గర జోజిబాబు తండ్రి మరియదాసు డేగిసాలు తోముతున్నాడు. జీవితమంతా పరాయివాళ్ళ టూరు బస్సుల్లో వంట చేసిన మనిషి. ఇప్పుడు సొంత బండిలో వండబోతున్నానని వారం నుంచి కాలు నేల మీద ఆనడం లేదు.

"ఏరా బాలశౌరీ, పొద్దున్నే చావు కబుర్లు చెప్పి కాఫీ తాగిపోవడం నీకే చెల్లిందిరా."

"నీ చేతి కాఫీ అయితే ఇంకో రెండు చావులు ఎక్కువ చెబుతాను పెదనాన్నా."

నవ్వుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు బాలశౌరి. జోజిబాబు ముందే అన్నాడు, "చవకలో అయ్యేది చూడరా బాబూ."

"చవకంటే థర్డ్ పార్టీ ఒక్కటే. అది మనం గుద్దినవాళ్ళకి. మన బండి నుజ్జయినా, మన మనుషులకి ఏమన్నా అయినా పైసా రాదు."

"పోనీ సొంతానికి వాడుకునే బండని రాస్తే?"

"జనాన్ని ఎక్కించుకుని కిరాయికి తిప్పుతూ సొంతానికని రాస్తావా? లోపల పడకలు, గ్యాసు పొయ్యి పెట్టించావు. అవన్నీ చెప్పాలి. దాచావనుకో, రేపు ఏదన్నా జరిగిన రోజున కంపెనీవాళ్ళు చేతులు దులుపుకుంటారు."

చివరికి ఫుల్ ఇన్సూరెన్సే తీసుకుందామనుకున్నారు. ప్రయాణికులకు సీటు లెక్కన వర్తిస్తుంది కాబట్టి పేర్లతో పనిలేదు. డ్రైవరుగా జోజిబాబు పేరు మాత్రం తప్పదన్నాడు బాలశౌరి. పుష్పలత కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది.

"ఇంక వంటాయన. ఆయన ప్రయాణికుల్లోకి రాడు, డ్రైవరూ కాదు. పేరు విడిగా ఇవ్వాలి. పెదనాన్న వయసెంతరా?"

"వద్దన్నయ్యా!" పుష్పలత గొంతు ఆమెకే తెలియకుండా పైకి లేచింది. "ఆయన్ని వదిలెయ్యి. ఆయన పేరు రాయొద్దు."

"అదేంటమ్మా, నాలుగు డబ్బుల తేడా..."

"చెప్పాను కదా. వద్దంతే."

జోజిబాబు భార్య ముఖం చూశాడు. ఆ భయం సంగతి తెలిసినవాడే. "పోనీలేరా, ఆయన్ని వదిలెయ్యి," అన్నాడు.

"సాయంత్రం లోపు ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి. ఇది తేల్చకుండా బండి రోడ్డెక్కించొద్దు," అని బాలశౌరి లేచాడు. వాకిట్లో కుళాయి కట్టేసి ఉంది. కాఫీ ఇవ్వడానికి మరియదాసు రాలేదు.

మధ్యాహ్నం చిన్నది గ్లోరి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, తాతయ్య గిన్నెలన్నీ బస్సులోంచి దించేస్తున్నాడు!"

వెళ్ళి చూస్తే గరిటెలు, మూకుళ్ళు, పప్పుల డబ్బాలు అన్నీ నేల మీద ఉన్నాయి. జోజిబాబుకు ఒళ్ళు మండింది.

"ఏంటి నాన్నా ఇది? రేపు ప్రయాణం పెట్టుకుని?"

"వంటకి ఎవర్నన్నా చూసుకోరా. నేను రాను."

"ఇప్పుడు చెబితే ఎవరు దొరుకుతారు? మొదటి ట్రిప్పే చెడగొడతావా?"

"లెక్కలో లేని మనిషి వల్ల ఏం చెడుతుందిలే."

"లెక్కేంటి?"

"నాకు చెవుడు రాలేదురా. సీట్లకుంది, పొయ్యికుంది, పడకలకుంది. ముసలాణ్ణి వదిలెయ్యమన్నారు, ఇద్దరూ."

పుష్పలత అక్కడే కూలబడింది. "మామయ్యా, అలా అనుకోకండి. మా నాన్న పేరు రాయించాడు, పోయాడు. మీ పేరు రాస్తే మీరు కూడా... మీకేమన్నా అవుతుందని భయపడ్డాను. అంతే మామయ్యా, మా అమ్మ తోడు."

మరియదాసు చేతిలోని గరిటెను పంచె అంచుతో తుడుస్తూ ఉన్నాడు. జోజిబాబు పసివాడుగా ఉన్నప్పుడే తల్లి మేరమ్మ బస్సు ప్రమాదంలో పోయింది. ఇంట్లో అందరికీ తెలిసింది అంతవరకే.

"మేమిద్దరం వంటకే వెళ్ళాంరా," అన్నాడు మరియదాసు. "బస్సు వెనకాల గ్యాసు బండలతో పాటు కూర్చున్నాం. నెల్లూరు దాటాక తిరగబడింది. ఆస్పత్రిలో ఇన్సూరెన్సువాళ్ళ తరఫున ఒకాయన వచ్చి పోయినవాళ్ళ పేర్లు పిలిచాడు. పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ఏడ్చేవాళ్ళు. మీ అమ్మ వరండాలో దుప్పటి కింద ఉంది. ఆ పేరు పిలుస్తారేమోనని కూర్చున్నాను. పిలవలేదు. నేనే వెళ్ళి అడిగాను. మీరు టికెట్టు కొన్నవాళ్ళు కాదు, బస్సు మనుషులూ కాదు, వంటవాళ్ళట కదా, మాకు సంబంధం లేదన్నాడు."

"ఎప్పుడూ చెప్పలేదేంటి నాన్నా?" జోజిబాబు తండ్రికి దగ్గరగా వచ్చాడు.

"ఏం చెప్పను? డబ్బు కోసం కాదురా. వాళ్ళందరికీ చేసి పెట్టింది. ఎవరు కారం తినరో, ఎవరికి రాత్రి మజ్జిగ కావాలో ఆవిడకి తెలుసు. అంతమందిలో ఒక్కళ్ళు, మేరమ్మ ఏదీ అని అడగలేదు."

గ్లోరి తాత మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. పేరు రాయకుండా మామయ్యను కాపాడుకుంటున్నానని పొద్దున్నుంచీ అనుకుంది పుష్పలత. ఆయన్ని మళ్ళీ ఆ వరండాలోనే కూర్చోబెట్టానని ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది.

"అన్నయ్యా, నేను పుష్పని. వంటాయన పేరు కూడా రాయి. మరియదాసు." పేరు చెబుతుంటే నోరు ఎండిపోయింది. అయినా మళ్ళీ చెప్పింది, "మరియదాసు. మా మామగారు."

"మంచి పని చేశావమ్మా," అన్నాడు అవతల బాలశౌరి.

మరియదాసు చెయ్యి చాచాడు. ఆమె ఫోన్ ఇచ్చింది.

"ఒరే అబ్బాయ్, ఎప్పుడో పోయినవాళ్ళకి ఇప్పుడు రాయడానికేమన్నా దారుంటుందా?"

"ఎవరికి పెదనాన్నా?"

"మీ పెద్దమ్మకి."

"ఉండదు పెదనాన్నా."

"ఉండదని తెలుసులే. ఊరికే అడిగాను."

ఫోన్ కోడలి చేతిలో పెట్టి, ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ భుజాలు కదలడం చూసి జోజిబాబు వెళ్ళి వెనక నుంచి తండ్రిని పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో పుష్పలతకు తెలియలేదు. కాసేపటికి ఆమె మూకుడు ఎత్తి బస్సులో పెట్టింది. తర్వాత డబ్బాలు ఒక్కొక్కటే ఎక్కించింది. పెద్ద డేగిసా దగ్గరకు వచ్చేసరికి ఎత్తలేక ఆగిపోయింది.

"ఉండమ్మాయ్, నడుం పట్టేసుద్ది. చెరో వైపు పట్టుకుందాం," అంటూ మరియదాసు వంగాడు.

మీరూ ఏదో ఒక రోజు ఇలాంటి బండిలో ప్రయాణం పెట్టుకుంటారు. దారిలో ఎక్కడో దిగి కడుపునిండా తింటారు. అందరూ తిన్నాక గిన్నెలు కడిగి, చివర్న తినే మనిషి ఒకరు బండి వెనక ఉంటారు. బండి కదిలేముందు దయచేసి ఒక్కసారి వెనక్కి తిరిగి, ఆ మనిషి ఎక్కారో లేదో చూడండి. పేరు పెట్టి పిలిచి చూడండి.