ఫల్గుణ అడ్రస్ నుంచి జవాబు

"ఫల్గుణ బతికే ఉన్నాడు," అన్నారు చీఫ్ వరహాలరావు. "దేశం దాటేశాడు. మనల్ని అమ్మేశాడు."

మొదటి మాటకి పొంగిన ఏజెంట్ కృపావతి గుండె ఆఖరి మాటకి కూలబడింది. ఆమెతోపాటు ట్రైనింగ్ అయిన ఫల్గుణ, సీలేరు అవతల కొండల్లో ఒక చిన్న డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో డ్యూటీ చేస్తూ మాయమయ్యాడు. శవం దొరకలేదు.

"కోబాల్ట్ అనే విదేశీ ముఠా," అన్నారు చీఫ్. "సంత నాడు డ్యామ్ గేట్లెత్తే ప్లాన్. టెస్ట్ కమాండ్లు ఫల్గుణ కంప్యూటర్ ఐపీ అడ్రస్ నుంచే వస్తున్నాయి. బ్లాక్ చేస్తే ఇంకోటి తొడుక్కుంటాడు. ఎక్కడున్నాడో కనిపెట్టు. అక్కడ నీ వేషం, కంప్యూటర్లు చూసుకునే డెవాప్స్ ట్రైనీ. మన మనిషి మాధవి కలుస్తుంది. కోడ్ గుర్తుందిగా?"

"కాఫీలో మిరియం."

సంత డ్యామ్ కింద, ఏటి ఇసుకలో నిండుగా ఉంది. అమ్మకానికి పోసిన చోళ్ల గింజల కుప్ప వెనక కూచున్న సోములమ్మ కృపావతిని చూడగానే చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఫల్గుణ తల్లి, ట్రైనింగ్ రోజుల నుంచీ ఎరుగును.

"గుంటా, నా కొడుకు సచ్చాడా, ఉన్నాడా? సచ్చిపోతే ఆడి పేరున రాయి పాతాల. బతికున్నోడికి పాతకూడదు. ఊరోళ్లు దొంగోడంతన్నారు. ఏటో ఒకటి సెప్పు, నాను మోత్తాను."

కృపావతి చెయ్యి విడిపించుకుంది. బతికుంటే ద్రోహి. చచ్చిపోయుంటే మంచివాడు. ఏది కోరుకోవాలో తెలీకుండానే కొండెక్కింది.

కంట్రోల్ రూమ్ కిటికీ అవతల మంచు. గోడ మేకుకి ఫల్గుణ స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. పట్టుచీర, ఖరీదైన సెంటు, మాధవి.

"కాఫీ చేదా?"

"మిరియం తగిలింది."

మాధవి నవ్వింది. "వాడి కోసమా? సముద్రాలు దాటిపోయాడమ్మా. నాకు తలనొప్పిగా ఉంది, గెస్ట్ రూమ్‌లో పడుకుంటా."

కృపావతి ఫల్గుణ కుర్చీలో కూచుని అతని అడ్రస్‌కి పింగ్ కొట్టింది. ఉన్నావా అని అడగడమే పింగ్ అంటే. జవాబొచ్చింది. మళ్లీ వచ్చింది. సెకనుకోసారి, ఉన్నాను, ఉన్నాను.  ఆమెకి స్వెట్టర్ వైపు చూడబుద్ధి కాలేదు.

అప్పుడు కనిపించింది ఆ లైను చివర అంకె. టీటీఎల్ 64.

అతని మెషీన్ పంపే ప్యాకెట్టుకి ఆయుష్షు అరవై నాలుగు. దారిలో దాటిన ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. సముద్రాలు దాటొస్తే చాలా తరిగిపోవాలి. దీనికి ఒక్కటీ తగ్గలేదు. అంటే ఒక్క రౌటరూ దాటలేదు. ఈ బిల్డింగ్‌లోనే, కేబుళ్లన్నీ కలిసే ఇదే స్విచ్ పెట్టె మీద ఉన్నాడు.

ఆ మెషీన్ నిజంగా అతనిదో కాదో తేల్చే కమాండ్ ఇంకోటుంది. కృపావతి కొట్టలేదు. ధైర్యం చాల్లేదు.

స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. మొదటి గేటు ఎత్తమని ఫల్గుణ అడ్రస్ నుంచి ఆర్డర్. రెండో నిర్ధారణ వస్తే గేటు లేస్తుంది. కింద ఇసుకలో సోములమ్మ.

మూలనున్న స్విచ్ దగ్గరికి పరిగెత్తింది. అన్ని దీపాలూ ఇష్టమొచ్చినట్టు మినుకుమంటుంటే, ఒక్కటి మాత్రం ఆమె పింగ్‌తో కలిసి సెకనుకోసారి వెలుగుతోంది. దాని కింద చీటీ: గెస్ట్ రూమ్. కేబుల్ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. లాగితే ఇక అతను పలకడు.

లాగేసింది. గేటు కదల్లేదు.

ఫల్గుణ ముఖం చూస్తాననే ఆశ చావక గెస్ట్ రూమ్ తలుపు తోసింది. లాప్‌టాప్ ముందు మాధవి. ఆమె చెయ్యి లిప్‌స్టిక్ మీదికి వెళ్లింది. అందులో ఒక్క తూటా పడుతుందని ఇద్దరికీ ఒకే క్లాసులో చెప్పారు. కృపావతి పిస్టల్ ముందే లేచింది.

"అడ్రస్ తొడుక్కున్నావు మాధవీ, దూరం తొడుక్కోలేకపోయావు. ఫల్గుణ ఏడీ?"

"నీళ్లు దూకే స్పిల్‌వే కింద," అంది మాధవి. "కోబాల్ట్‌లో చేరమంటే వినలేదు."

కృపావతికి ఏడుపొచ్చింది. దాని వెనకే, సిగ్గుపడుతూ, ఊరట.

సంతలో సోములమ్మ పక్కన చతికిలబడి, "అమ్మా, మంచి రాయి చూడు," అంది. ముసలావిడ చోళ్ల మీదే వాలిపోయి ఏడ్చింది.

చీఫ్ ఫోన్ చేశారు. "ఆ అడ్రస్ ఖాళీయేగా? కొత్త మెషీన్‌కి ఇచ్చెయ్."

"అతని పేరునే రిజర్వ్ చేశాను సార్. పాతిన రాయి పెరికి గోడకి వాడం కదా."

వెళ్లేముందు మరోసారి పింగ్ కొట్టింది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. మళ్లీ అదే. జవాబు రానందుకు కుదుటపడ్డ నెట్‌వర్క్ ఇంజనీరు డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఆమె ఒక్కతే.