నూకాలు పారబోయని నీళ్లు

ధవళగిరి రాజ్యంలో నది మాయమై మూడేళ్లయింది. దాహంతో జనం పాదాల నుంచి మొదలై నిలువునా మట్టిబొమ్మలైపోతున్నారు. నదిని తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. వెళ్లిన పన్నెండుమంది వీరుల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి చాటింపు వేసేవాడు కూడా మట్టిబొమ్మ అయిపోయాడు.

కట్టెలు కొట్టి బతికే నూకాలుకు అమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ అమ్మకు నడుము దాకా మట్టి పాకింది.

"వెళ్లకే తల్లీ! అంతటి వీరులకే దిక్కులేదు, నువ్వేం చేస్తావే?" అంది అమ్మ.

నూకాలుకూ నమ్మకం లేదు. చూస్తూ కూర్చోలేక బయలుదేరింది.

ముళ్ల అడవిలో కాళ్లు చీరుకుపోయాయి. అడవి దాటాక ఒక ముని ఎదురయ్యాడు.

"నది రాక్షసి గుహలో ఉంది. తిరిగిపో బిడ్డా! దారి చూపించి పన్నెండుమందిని పోగొట్టుకున్నాను" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె ఆగలేదు. కొండ మీద నిప్పులు కక్కే పక్షి ఆమె జుట్టు సగం కాల్చేసింది. ఎలాగో గుహ చేరితే, వాకిట్లో పన్నెండు రాతి విగ్రహాలు కనిపించాయి!

రాక్షసి చెంబెడు నీళ్లు, గుప్పెడు బియ్యం ఇచ్చింది. "వండిపెట్టు. తిన్నాక నిన్నూ రాయిని చేస్తాను" అంది.

అంతా అయిపోయిందనుకుంది నూకాలు. ఏడుస్తూనే బియ్యం కడిగింది. కడుగునీళ్లు ఎక్కడ పోయాలా అని చూస్తే, మూలన ఎముకల గూడులాంటి గేదె ఒకటి కనిపించింది. ఆ నీళ్లు దాని ముందు పెట్టింది. అన్నం వార్చిన గంజి కూడా దానికే పోసింది.

"ఆ పన్నెండుమందీ నేలపాలు చేశారు. నువ్వెందుకు పారబొయ్యలేదే?" అని గర్జించింది రాక్షసి.

"తప్పయితే క్షమించమ్మా! మా గుమ్మం ముందు పశువులకు కుడితి తొట్టి ఉంది. కడుగునీళ్లు పారబోస్తే మా అమ్మ ఊరుకోదు."

"ఒకప్పుడు మీ రాజ్యంలో ఇంటింటికీ ఆ తొట్టి ఉండేది. దాన్ని తీసేసి, ఎంగిలీ చెత్తా నదిలో పోశారు. బతకలేక ఆ నదే ఇలా గేదెగా మారి నా పంచన చేరింది" అంది రాక్షసి.

గేదె తలెత్తింది. చూస్తుండగానే సన్నటి నీటిపాయై గుహ దాటింది. నీరు తగిలి విగ్రహాలు కదిలాయి.

నూకాలు చెంబు నింపుకుని పరుగున ఇల్లు చేరింది. అమ్మకు కళ్ల దాకా మట్టి! పెదవులకు నీళ్లు పట్టింది. ఒక్క చుక్కా లోపలికి దిగలేదు. ఆలస్యమైపోయిందని గుండె పగిలేలా ఏడ్చింది. చేతిలో చెంబు ఒరిగి, నీళ్లు అమ్మ మీద పడ్డాయి.

తర్వాత రాజు మాట నిలబెట్టుకున్నాడు. అర్ధరాజ్యానికి రాణి అయిన నూకాలు, ముందుగా కోట గుమ్మంలోనే కుడితి తొట్టి పెట్టించింది. కానీ ఆరోజు ఆమెకు రాజ్యం గుర్తులేదు. మట్టి పెళ్లలు రాలుతుండగా వినిపించిన కోపం ఒక్కటే చాలింది.

"ఒసేయ్, చెంబు ఒలికిపోతోంది, చూసుకోవే!"