శాంపిల్ మొఖం

"తాగి ఎక్కినవా అన్నా? దిగు. నువ్వే దిగుతవా, బస్సు ఆపి దింపాల్నా?"

బస్సు కామారెడ్డి బస్టాండు దాటి పది నిమిషాలు కూడా కాలేదు. జూన్ నెల, సాయంత్రం అయిదుంబావు ఎల్లారెడ్డి బస్సు. కాలు పెట్టే సందు లేదు. కండక్టర్ ప్రమోద పొద్దున నాలుగింటికి లేచిన మనిషి. గొంతు బొంగురుపోయింది. కాళ్లు ఉబ్బి చెప్పులు బిగుసుకున్నాయి. ఆడవాళ్ల ఆధార్ కార్డులు చూసి చూసి, ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు మొద్దుబారింది. ఆ స్థితిలో, ఆడవాళ్ల సీట్లో ఒక మగమనిషి కందగడ్డలా ఎర్రబడ్డ మొహంతో, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా కిటికీకి తల ఆనించి కూర్చుంటే ఆమెకు ఇంకేం తోస్తుంది?

అతను కళ్లు తెరిచాడు. బస్సంతా తననే చూస్తోంది.

"తాగలే మేడం," అన్నాడు మెల్లగా. "లేజర్ చేయించుకున్న."

"ఏందీ?"

"లేజర్. మొఖం మీది మొటిమల గుంతలకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మూట మీద కూర్చున్న ఒక ముసలవ్వ మాత్రం, "అయ్యో, ఉన్న మొఖం కాల్పిచ్చుకున్నవా బిడ్డా!" అని నిజంగానే బాధపడింది.

అతను లేచాడు. ఆ అవ్వను తన సీట్లో కూర్చోబెట్టి, జనాన్ని తోసుకుంటూ పోయి వెనక నిలబడ్డాడు. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ప్రమోదకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఎందుకంటే కామారెడ్డిలో ఆ లేజర్ చేసే క్లినిక్ కార్డు మూడు నెలలుగా ఆమె బ్యాగులోనూ ఉంది.

ఆమె చెంపలు కూడా నున్నటివేం కావు. ఇంటర్‌లో మొదలైన మొటిమలు డిగ్రీ అయ్యేదాకా ఉండి, పోతూ పోతూ రెండు చెంపల మీదా గుంతలు వదిలిపోయాయి. ఇప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్లు. రోజుకు కొన్ని వందల మంది ఆ మొహం చూస్తారు. టికెట్ తీసుకుంటూ ఒకామె పసుపు రాసుకొమ్మంటుంది, ఇంకొకామె వేపాకు నూరి పెట్టమంటుంది, మరొకామె పెళ్లయితే అవే పోతాయంటుంది. ప్రమోద అందరికీ "సరే అవ్వా, సరే అక్కా" అంటుంది. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

మరుసటి మంగళవారం అతను మళ్లీ ఎక్కాడు. ఈసారి నేరుగా వెనక్కి పోయి కూర్చున్నాడు. ఎరుపు తగ్గింది, మొహమంతా సన్నటి పొట్టు లేస్తోంది. పేరు శైలేందర్. ఎల్లారెడ్డిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. రాగి తీగ కోసం ప్రతి మంగళవారం కామారెడ్డి వస్తాడు. ఈ సంగతులన్నీ ప్రమోదకు డ్రైవర్ సిద్దిరాములు చెప్పాడు. సిద్దిరాములు బోరు మోటారు ఏడాదికి రెండుసార్లు కాలుతుంది.

ప్రమోద అతని ముందు ఆగింది.

"అన్నా, మొన్న తప్పయింది. పొద్దంతా నిలబడి నిలబడి దిమాక్ పనిచెయ్యలే."

"ఏం కాదు మేడం."

టికెట్ ఇచ్చింది కానీ ఆమె ముందుకు పోలేదు. "నొస్తదా?"

"ఏంది?"

"గదే... లేజర్."

శైలేందర్ అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. చూసి, మర్యాదగా చూపు దించుకున్నాడు.

"ముందుగాల మొద్దుబారనీకి క్రీం పూసి ముప్పావు గంట కూసోబెడ్తరు. తర్వాత మొఖం మీద నిప్పురవ్వలు పడ్డట్టు చుర్రుచుర్రుమంటది. వెంట్రుకలు కాలిన వాసనొస్తది. గనీ పన్ను పీకించుకున్నంత నొప్పి లేదు."

"మరి పోతయా?"

"మొత్తం పోవంట. తగ్గుతయంట. నెలకొక్కటి, నాలుగు సిట్టింగులన్నరు. ఒక్కటే అయింది."

ప్రమోద వేళ్ల మీద లెక్కేసింది. "అయితే మీయి నాలుగు కానీయుండ్రి. మంచిగైతే నేను గూడ పోత. లేకుంటే ఊకుంట."

"అంటే నా మొఖం మీకు శాంపిలా?"

"గట్లనే అనుకోండ్రి."

అతనికి నవ్వొచ్చింది. చెంప మీద చర్మం లాగేసరికి చేత్తో పట్టుకున్నాడు. "నవ్వియ్యకుండ్రి మేడం. పొట్టు రాలుతది."

అలా మొదలైంది. ప్రతి మంగళవారం తాడ్వాయి దాటి జనం కొంచెం పలచబడ్డాక ప్రమోద అతని సీటు దగ్గరికి వచ్చేది. "ఎడమ దిక్కు తిరుగుండ్రి," అనేది. తిరిగేవాడు. "కుడి దిక్కు." తిరిగేవాడు. "ఊఁ," అనేది డాక్టరమ్మలా.

"ఊఁ అంటే ఏంది మేడం? తగ్గినయా, లేదా?"

"వచ్చే వారం చెప్త."

ఒకసారి ఆమె అడిగింది. "మొగోళ్లకు ఏం కష్టమొచ్చింది? మిమ్ముల ఎవరేమంటరని ఇదంత?"

"ఎవరనకపోతేంది? గడ్డం గీసుకుంటే ప్రతి గుంతల బ్లేడు తగుల్తది. పదేండ్ల సంది రోజు నెత్తురే. ఒక్కరోజన్న సాపుగ గీసుకోవాలె అనుకున్న." ఆగి, "సంబంధాలు గూడ రెండు పోయినయి. అది వేరే ముచ్చట," అన్నాడు.

"నాయి గూడ రెండే," అంది ప్రమోద. చెప్పాక ఆశ్చర్యపోయింది. ఆ మాట ఆమె డిపోలో కూడా ఎవరితోనూ అనలేదు.

ఆగస్టులో ఒక మంగళవారం జోరున వాన. అద్దాలు సరిగ్గా పడక సగం సీట్లు తడిసిపోయాయి. ఆ రోజు డబుల్ డ్యూటీ. ప్రమోద కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీస్తోంది. టికెట్లన్నీ కొట్టేసింది. శైలేందర్ లేచాడు.

"అయిదు నిమిషాలు కూసోండ్రి."

"వద్దు. స్టేజీలు పిలవాలె."

"నాకు నోరు లేదా? కూసోండ్రి."

ఆమె కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. అంతే, ఇంకేం తెలియదు. ఎక్కడో చాలా దూరం నుంచి "లింగంపేట! లింగంపేట దిగేటోళ్లు జల్ది రాండ్రి! అవ్వా, మెల్లగ, మెట్టు జారుతది!" అని ఒక గొంతు వినిపిస్తూనే ఉంది. ఆ గొంతు తనకు బదులు పనిచేస్తోందని నిద్రలోనే తెలిసి, ఇంకా గాఢంగా పడుకుంది. ఎక్కినవాళ్లను అతను "టికెట్ తర్వాత, మేడం లేస్తది, కూసోండ్రి" అని బుజ్జగించాడట. ఎల్లారెడ్డి ఊరి మొదట్లో లేపాడు. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కిటికీ వైపు నుంచి ఆమె మీద జల్లు పడకుండా అడ్డం నిలబడ్డాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజు శైలేందర్ దిగిపోయాక, బస్సు తిప్పుకుంటూ సిద్దిరాములు అన్నాడు. "ప్రమోదా, బస్సుల అందరు నీకు అన్నలే. నన్ను గూడ అన్న అంటవ్. గాయన ఒక్కడు ఎట్ల తప్పిచ్చుకున్నడు?"

"నువ్వు రోడ్డు చూసి నడుపన్నా," అంది ప్రమోద. నిజమే, శైలేందర్‌ను అన్నా అని పిలవడం ఎప్పటి నుంచి మానేసిందో ఆమెకే గుర్తులేదు.

సెప్టెంబరుతో అతని నాలుగు సిట్టింగులు పూర్తయ్యాయి. ఫలితం వచ్చే వారం చెబుతానని ఆమె మళ్లీ వాయిదా వేసింది. ఆ వచ్చే వారం రాలేదు. అక్టోబరు ఒకటిన డిపోలో డ్యూటీ చార్టు మారింది. ప్రమోదను హైదరాబాద్ రూటుకు వేశారు. ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోవాలని ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు. ప్రతి మంగళవారం ఎలాగూ ఉంటుందనుకున్నారు.

హైదరాబాద్ బస్సులో మంగళవారాలు కూడా మిగతా రోజుల్లాగే ఉండేవి.

ఆ నెలలోనే, ప్రమోద ‘అవ్వా’ అని పిలిచే ఆమె తల్లి భూమక్క ఒక సంబంధం తెచ్చింది. భిక్నూర్ వాళ్లు. "పిల్ల నౌకరి మంచిదే అన్నరు. మొఖం బాగు చేయిచ్చినంక ఫోటో పంపుమన్నరు," అని చెప్పి, "నేననలే బిడ్డా, వాళ్లన్నరు," అని చిన్నగా జోడించింది.

ప్రమోద దానికీ సరే అంది. ఎటూ బ్యాగులో కార్డు ఉండనే ఉంది. మర్నాడు క్లినిక్‌కు పోయింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"చేసిన తర్వాత వారం రోజులు ఎండలోకి రాకూడదు. ఆ తర్వాత కూడా జాగ్రత్తగా ఉండాలి. మనలాంటి రంగుకు ఎండ తగిలితే పోవాల్సిన మచ్చ నల్లబడుతుంది. మీది కండక్టర్ ఉద్యోగం కదా, ఆలోచించుకోండి. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా చేయించుకున్నారా?"

"ఒకాయన చేయించుకున్నడు మేడం. నాలుగు సిట్టింగులు."

"ఎంత తగ్గింది?"

ప్రమోద గుర్తు తెచ్చుకోబోయింది. నాలుగు నెలలు ప్రతి మంగళవారం ఆ మొహాన్ని ఎడమకు తిప్పించి, కుడికి తిప్పించి చూసింది. అతను నవ్వు ఆపుకునేటప్పుడు కింది పెదవి ఎలా కొరుకుతాడో చెప్పగలదు. వాన రోజు కనుబొమ్మల మీద నీళ్లు ఎలా నిలిచాయో చెప్పగలదు. గుంతలు ఎన్ని తగ్గాయో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"చూడలే మేడం," అంది చివరికి.

అయినా వారం రోజులు లీవు పెట్టింది. నవంబరులో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ రాసిచ్చారు. డిపోలో ఎందుకు లీవని అడిగిన సిద్దిరాములుకు ఆ సంగతి చెప్పింది.

ఆ రోజు అలవాటు కొద్దీ నాలుగింటికే మెలకువ వచ్చింది. చీకట్లో అలాగే పడుకుంది. ఏడింటికి స్నానం చేసింది. మొహానికి కట్టుకోవడానికి చున్నీ కూడా తీసుకుని బయటికి వచ్చింది. క్లినిక్ సందు దగ్గర ఆటో దిగకుండా, "బస్టాండుకు పోనీ అన్నా," అంది.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఈ దారిలో ఆమె ప్రయాణికురాలిగా కూర్చోవడం ఇదే మొదలు. రెండు వైపులా వరి కోసిన పొలాలు, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు. ఇన్నేళ్లు ఈ దారిలో తిరిగి ఇవన్నీ ఎప్పుడూ చూడనే లేదు.

శైలేందర్ షాపు వెతుక్కుంటూ పోయేసరికి పది దాటింది. షట్టరు వేసి ఉంది. ముందు నాలుగు కాలిన మోటార్లు, ఒక బెంచీ. పక్కన టీ కొట్టు నడిపే సుగుణమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"శైలేందర్ లేడు. పొద్దుగాల మొదటి బస్సుకే కామారెడ్డి పోయిండు. ఎవ్వలకో మొఖానికి లేజర్ చేస్తరంట. చేసినంక కండ్లు సరిగ కనవడవు, ఒక్కతే ఎట్ల పోతది, తోడుండాలె అన్నడు. నువ్వేం మోటరు తెచ్చినవ్?"

ప్రమోద బెంచీ మీద కూలబడింది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఇది సిద్దిరాములన్న పనే అయివుంటుంది, అనుకుంది. బ్యాగులోంచి కార్డు తీసి క్లినిక్‌కు ఫోన్ చేసింది.

"ప్రమోదను. తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ ఉండె..."

"మేడం, ఎక్కడున్నారు?" అంది రిసెప్షన్ అమ్మాయి. "మీ కోసం ఒక సార్ పొద్దుట్నుంచి కూర్చున్నారు. ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు."

"ఆయనకు ఫోనియ్యిండ్రి."

కాసేపు గరగరమని చప్పుడు. తర్వాత ఆ గొంతు. "మేడం? ఏమైంది? పానం మంచిగున్నదా? ఎక్కడున్నరు?"

"మీ షాపు ముందట."

అవతల కుర్చీ కిర్రుమంది.

"నా... షాపు ముందటనా?"

"ఔ. సుగుణమ్మ నన్ను ఏం మోటరు తెచ్చినవని అడుగుతుంది. ఏం చెప్పాలె?"

"అక్కడనే ఉండుండ్రి. నేనొస్తున్న. మీరు బయలుదేరకుండ్రి, మళ్ల ఇద్దరం ఎదురుబొదురు పోతం. కదలకుండ్రి మేడం!"

"మేడం అనకుండ్రి," అంది ప్రమోద. ఫోన్ పెట్టేసింది.

అతను వచ్చేసరికి పన్నెండున్నర అయింది. బస్టాండు నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఎక్కడా గాటు లేదు. ప్రమోద ఈసారి నిజంగానే చూసింది. ఎడమ వైపు, కుడి వైపు. సగం తగ్గాయి. సగం ఉన్నాయి.

"లేజర్ వద్దనుకున్నరా?" అన్నాడు.

"ఏమో. చేయించుకోవాలె అనిపిస్తే ఎప్పుడన్న చేయించుకుంట. భిక్నూరోళ్లకు ఫోటో పంపనీకైతే చేయించుకోను. అలిసిపోయిన శైలేందర్. అందరికి సరే సరే అని అలిసిపోయిన."

అతను ఆమె పక్కన, బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. "నేను గూడ ఒక మాట చెప్పాలె. నాలుగో సిట్టింగు అయినంక డాక్టరమ్మ ఇగ రావద్దన్నది. మందికైతే సంతోషమైతది. నాకేమో, ఇగ శాంపిల్ చూపియ్యనీకి ఏం మిగిలిందని పరేషాన్ అయింది."

"మంగళారం రాగి తీగ ఉండె గద."

"తీగ నెలకొక్కసారి తెచ్చుకున్నా సరిపోతది," అన్నాడు శైలేందర్ నేలకేసి చూస్తూ. "జూన్ సంది తెచ్చిన తీగంత షాపులనే ఉన్నది."

ప్రమోద షట్టరు వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. ఈసారి అతను చూపు దించుకోలేదు.

"లీవు ఇంక ఆరు రోజులున్నది," అంది. "మా అవ్వ ఇంట్లనే ఉంటది. ఎప్పుడొస్తరు?"

"ఇయ్యాల్నే వస్తే?"

సుగుణమ్మ రెండు చాయ్‌లు తెచ్చి, అడగకుండానే వాళ్ల మధ్య పెట్టిపోయింది.

సాయంత్రం కామారెడ్డిలో భూమక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూతురి మొహం కట్టు లేకుండా, పొద్దున ఎలా పోయిందో అలాగే ఉండడం చూసి చేట కింద పెట్టింది.

"చేయించుకోలేదానె?"

"లేదవ్వ."

"మరి పొద్దంత యాడికి పోయినవ్? గీయన ఎవ్వలు?"

"చేయించుకున్నాయన," అంది ప్రమోద.

భూమక్క లేచి దగ్గరికి వచ్చింది. శైలేందర్ మొహం అటూ ఇటూ తేరిపార చూసింది. అతను చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"నాలుగుమాట్ల కాల్చినంక గిదా?" అంది భూమక్క. "నా బిడ్డనే నయం. చేయించుకోకుండనే గింత మంచిగుంది."

శైలేందర్ తలూపాడు. "నేను గూడ గదే అంటున్న అవ్వా."

భూమక్క కూతురి వైపు చూసింది. ప్రమోద గుమ్మానికి ఆనుకుని చెప్పులు విప్పుతోంది. పొద్దుటి నుంచి తిరిగిన మనిషి, అయినా మొహంలో అలసట కనపడడం లేదు. భూమక్క చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది.

"కాళ్లు కడుక్కొని లోపలికి రా బిడ్డా. అన్నం తిందురు. భిక్నూరోళ్లకు రేపు నేను చెప్త."