కొల్లేటి గట్టు మీద పాట

మండవల్లి నుంచి ఏలూరు రావడానికి పెద్ద రోడ్డు కాకుండా, చేపల చెరువుల మధ్య నుంచి గట్టుదారి ఒకటుంది. ఆ దారిలో ఒక మలుపు. పగలైతే దాన్ని పాటల మలుపంటారు. పొద్దుగూకాక ఆ పేరు కూడా ఎత్తరు.

టేపుల కాలంలో ఓ పెళ్ళి టాక్సీ అక్కడ చెరువులోకి దూసుకుపోయిందట. తెల్లారేదాకా ఎవరూ చూడలేదట. కానీ ఆ రాత్రి అటుగా వెళ్ళినవాళ్ళందరికీ నీళ్ళలోంచి పాట వినబడిందట...

అప్పటినుంచీ అదో కట్టుబాటు. చీకటి పడ్డాక అక్కడికొస్తే కారులో పాట ఆపేయాలి. అద్దాలు ఎత్తేయాలి. ఏం వినబడినా సరే — ఆగకూడదు.

జావీద్‌కి ఈ సంగతి తెలియదు. అతనిది ఏలూరు. కార్లకి స్పీకర్లు, సీటు కవర్లు వేసే షాపుంది. కొత్త కార్లన్నీ స్క్రీన్లతోనే దిగుతుంటే స్టీరియో బిగించే పని ఏనాడో పోయింది. అయినా తన పాత మారుతిలో క్యాసెట్ ప్లేయర్ మాత్రం పీకలేదు.

"క్యాసెట్ తోస్తే లోపల టక్కుమని పట్టుకుంటుంది చూడు ఫణీ... ఆ పట్టు ఈ ఫోన్లలో ఎక్కడుందయ్యా!" అనేవాడు.

ఫణికిరణ్‌కీ అదే పిచ్చి. కరెంటాఫీసులో ఉద్యోగం, సొంతూరు మండవల్లి. అక్కడ వాళ్ళ మావయ్య అమ్మేసిన అంబాసిడర్ తాలూకు స్టీరియో, అట్టపెట్టెడు క్యాసెట్లూ అటక మీద పడున్నాయని చెప్పాడు. అంతే, ఆదివారం ఇద్దరూ బయల్దేరారు.

వెళ్ళినవాళ్ళని అత్తయ్య భోంచెయ్యందే కదలనివ్వలేదు. చేపల పులుసూ అన్నం తిని లేచేసరికి బాగా పొద్దుపోయింది. పెద్ద రోడ్డు మీద ఏదో పని జరుగుతోందని గట్టుదారి పట్టారు.

దారి పొడుగునా ఒక్కో క్యాసెట్టే పెట్టి చూసుకుంటూ వస్తున్నారు. ఒకటి బూజు పట్టి బుస్సుమంది. ఇంకోటి రిబ్బను నమిలేస్తే, జావీద్ కారాపి, పెన్సిలుతో చుట్టి, మళ్ళీ పెట్టాడు. పాట పలికింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

అప్పుడు — ఫణికిరణ్ ఉన్నట్టుండి బటన్ నొక్కాడు. క్యాసెట్ బయటికొచ్చేసింది.

"ఎందుకు తీశావ్?"

"కాసేపేనండీ... ఈ మలుపు దాటాక పెడతాను. అద్దం ఎత్తేయండి."

"ఏముంది ఇక్కడ?"

ఫణికిరణ్ గొంతు తగ్గించి పెళ్ళి టాక్సీ సంగతి చెప్పాడు. జావీద్ పకపకా నవ్వాడు. "చదువుకున్నవాడివి..." అంటూ కావాలనే తన వైపు అద్దం పూర్తిగా దించాడు.

చల్లగాలి. చెరువు నీళ్ళ నీచు వాసన. ఎక్కడో కప్పలు...

పాట.

జావీద్ నవ్వు ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు వైపు చూశాడు. ప్లేయర్ నోరు ఖాళీ. క్యాసెట్ ఫణికిరణ్ చేతిలోనే ఉంది.

పాట మాత్రం వినబడుతూనే ఉంది. పాత పాట. కుడిపక్క, గట్టు కింద నుంచి... నీళ్ళ వైపు నుంచి. మామూలుగా లేదు. సాగి సాగి, గొంతులో జీవం లేనట్టు, ఎవరో నిద్రలో పాడుతున్నట్టు.

తెలీకుండానే అతని కాలు బ్రేకు మీద పడింది. కారాగింది.

"వద్దండీ..." ఫణికిరణ్ గుసగుసలాడాడు. "ఆగకూడదండీ..."

జావీద్ కిటికీలోంచి తొంగిచూశాడు. చీకటి తప్ప ఏమీ లేదు. గట్టు వాలున గుర్రపుడెక్క పొద నల్లగా, ఎత్తుగా...

పాట టక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో — ఆడమనిషి గొంతు. సన్నగా, నీళ్ళ మీద నుంచి.

"ఏవండీ..."

ఫణికిరణ్ జావీద్ చొక్కా పట్టుకున్నాడు.

"ఏవండీ... ఎవరో... ఆగారండీ..."

"పోనివ్వండి! జావీద్ గారూ, పోనివ్వండి!"

కారు ఎగిరి దూకినట్టు కదిలింది. గోతులు చూడలేదు, గతుకులు చూడలేదు. చెరువు కాపలావాళ్ళ పాక దగ్గర లైటు కనబడేదాకా యాక్సిలరేటర్ మీది కాలు తీయలేదు.

అక్కడ ఆగి, ఇద్దరూ సీసాలో నీళ్ళు తాగారు.

"మా తాతయ్య చెప్పేవాడు," అన్నాడు ఫణికిరణ్ చివరికి, "ఆడగొంతు పేరు పెట్టి పిలుస్తుందని..."

"పేరు పెట్టలేదుగా."

"ఏంటండీ?"

"ఏవండీ అంది. మన పేర్లు అనలేదు." జావీద్ సీసా మూత పెట్టి, మళ్ళీ తీశాడు. అతన్ని తొలుస్తున్నది ఆ గొంతు ఒక్కటే కాదు. ఆ పాట. సాగిపోతున్న ఆ పాట. ఒకప్పుడు పొద్దస్తమానం టేపురికార్డర్లే బాగుచేసినవాడు. కరెంటు చాలకపోతే టేపు అలాగే ఏడుస్తుంది.

"ఫణీ, దెయ్యానికి బ్యాటరీ దిగిపోతుందా?"

ఫణికిరణ్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక పాక వైపు పరిగెత్తాడు.

కాపలావాళ్ళని లేపారు. మలుపు పేరు చెప్పగానే వాళ్ళు "మేం రాం" అన్నారు. జావీద్ వాళ్ళ తాడు లాక్కుని కారెక్కాడు. అప్పుడు ఇద్దరు లేచొచ్చారు.

ఈసారి మలుపులో పాట లేదు. కప్పలు కూడా అరవడం లేదు. కారు లైట్లు గట్టు కిందికి పడేలా తిప్పాడు జావీద్.

పొద అనుకున్నది పొద కాదు. గుర్రపుడెక్క కప్పుకుని, ముందుభాగం గట్టు మీదికి ఎత్తి, వెనక సగం నీళ్ళలో మునిగి ఉన్న తెల్ల అంబాసిడర్. లైట్లు రెండూ పగిలిపోయాయి. ముందు సీటులో ముసలాయన. స్టీరింగుకీ సీటుకీ మధ్య నలిగిపోయి, ఒక్క చెయ్యి మాత్రం స్టీరియో మీద పెట్టుకుని ఉన్నాడు.

కళ్ళు తెరిచాడు.

"వెనక... వెనక మా ఆవిడ..."

జావీద్ నీళ్ళలోకి దూకాడు. వెనక తలుపు రాలేదు. కిటికీలోంచి చేతులు దూర్చాడు. తడి చీర తగిలింది. జుట్టు తగిలింది. మనిషి తగిలింది — ఇంకా వెచ్చగానే ఉంది. నీళ్ళు ఆమె ముఖాన్ని దాటి ఉన్నాయి.

అద్దం పగలగొట్టి, నలుగురూ కలిసి ఆమెని గట్టు మీదికి చేర్చారు. జావీద్ గుండె మీద చేతులేసి నొక్కాడు, నొక్కాడు... నోట్లోంచి నీళ్ళొచ్చాయి. ఊపిరి రాలేదు.

తాడు కట్టి, సీటు విరగ్గొట్టి, పెద్దాయనని బయటికి లాగేసరికి అంబులెన్సుకి కబురు వెళ్ళింది. ఆయన పేరు ఏడుకొండలు. ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. ఆమె వెంకటనరసమ్మ. కైకలూరులో బంధువుల నిశ్చితార్థం చూసుకుని వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులని వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుందట. చేపల లారీ ఎదురొస్తే తప్పించబోయి, కారు గిర్రున తిరిగి వెనక్కి జారిపోయింది. ఫోను ఆమె సంచిలో ఉంది. సంచి నీళ్ళలో ఉంది. హారను మోగలేదు. మోగింది స్టీరియో ఒక్కటే.

"ఎవరైనా వింటారని సౌండు పెంచానండీ." ఆయన మాటలు ముక్కలుగా వస్తున్నాయి. "బళ్ళొస్తూనే ఉన్నాయి... ఇక్కడిదాకా మెల్లగా వచ్చి, పాట వినగానే పరిగెట్టేవారండీ. ఎందుకో తెలియలేదు. కారేమో జారిపోతోంది... మా ఆవిడ నీళ్ళు పైకొస్తున్నాయని చెబుతూనే ఉంది. సౌండు తగ్గించి పిలిస్తే, పలికేది. పలికిందని మళ్ళీ పెంచేవాణ్ణి."

జావీద్ తన చొక్కా పిండి ఆయన నుదుటి నెత్తురు తుడుస్తున్నాడు.

"ఇందాక ఒక కారు ఆగిందండీ. నిజంగా ఆగింది. పాట ఆపేశాను. నాకు గొంతు రాకపోతే అదే కేకేసింది. ఎవరో ఆగారండీ అని... ఎంత సంబరపడిందో." ఆయన పక్కన పడుకోబెట్టిన మనిషి వైపు చూశాడు. "ఆ కారు వెళ్ళిపోయిందండీ. 'వెళ్ళిపోయారు' అంది. తర్వాత ఎంత పిలిచినా పలకలేదు."

ఫణికిరణ్ తలెత్తలేదు. జావీద్ చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది.

"బాబూ, మీరెవరో..." ఏడుకొండలు లేవలేక లేస్తూ, రెండు చేతులూ జోడించాడు. "మీరొక్కరే ఆగారండీ."

జావీద్ ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాడు.